దేవదూతలను కాల్చిందెవరు?

తల పైకెత్తితే... దేవదూతలు! చెక్కతో మలిచిన రెక్కలను బార్లా చాచి, ఒకరి వీపు ఒకరికి ఆనించి, జంటలు జంటలుగా పైకప్పు దూలాలకు అతుక్కుని ఉంటారు. దాదాపు ఆరు శతాబ్దాల కిందట పూసిన రంగులు ఇంకా పూర్తిగా వెలిసిపోలేదు. అయితే నిచ్చెన వేసుకుని దగ్గరగా వెళ్లి చూసినవాళ్లకి మాత్రం ఆ రెక్కల మీదా ఒంటి మీదా చిన్న చిన్న చిల్లులు కనిపించాయి. అవి చెద తినేసిన గుర్తులు కావు. తుపాకీ గుళ్లు దిగిన గాయాలు.

చర్చిలో, అదీ దేవదూతల మీద, తుపాకీ ఎక్కుపెట్టిందెవరు?

ఇంగ్లండ్ తూర్పు తీరంలోని సఫోక్ జిల్లాలో, బ్లైబరా అనే చిన్న ఊళ్లోని హోలీ ట్రినిటీ చర్చి సంగతి ఇది. (ఇంగ్లిషులో ఆ ఊరి పేరు రాస్తే మధ్యలో ఒక 'థ్', చివర ఒక 'ఘ్' కనిపిస్తాయి. పలికేటప్పుడు రెండూ మాయం!) తుపాకీ గుళ్ల నేరాన్ని ఆ ఊరివాళ్లు చాలాకాలం పాటు ఒకాయన మీద మోపారు. ఆ నింద తప్పని తేలేసరికి ఆయన పోయి మూడొందల ఏళ్లు దాటిపోయింది. ఆ కథ తెలియాలంటే ముందు చర్చి కథ తెలియాలి.

చిత్తడి నేలల మహామందిరం

లండన్ నుంచి ఈశాన్యంగా సుమారు వంద మైళ్లు వెళితే బ్లైత్ నది సముద్రంలో కలిసే ప్రాంతం వస్తుంది. పోటు వేళ నీళ్లు నిండి సరస్సులా ఉంటుంది. ఆటు వేళ నీళ్లు తీసేస్తే బురద, రెల్లు, కొంగలు. ఆ బురద నేలల అంచున కాస్త ఎత్తు మీద నిలబడి ఉంటుంది చర్చి. పక్కనుంచే ఏ12 రహదారి పోతుంది. రాత్రివేళ దీపాలు వేస్తే మైళ్ల దూరం నుంచి కనిపిస్తుంది. అందుకే దానికి 'చిత్తడి నేలల కథీడ్రల్' అని ముద్దు పేరు. నిజానికి అది కథీడ్రల్ కాదు. కథీడ్రల్ అంటే బిషప్ ఉండే పెద్ద చర్చి. ఇది మామూలు పారిష్ చర్చి... అంటే ఒక ఊరికీ చుట్టుపక్కల పొలాలకీ చెందిన చర్చి.

కానీ ఆ కొలతలు చూడండి. పొడవు సుమారు 127 అడుగులు, వెడల్పు 54 అడుగులు. ఊరి జనాభానేమో మూడు వందల లోపు! ఊరంతా ఒకేసారి వచ్చి కూర్చున్నా బెంచీలు సగం ఖాళీగా మిగిలేంత పెద్దది. ఇంత చిన్న ఊరికి అంత పెద్ద చర్చి ఎందుకన్నది అక్కడికి వెళ్లిన ప్రతివాళ్లకీ వచ్చే మొదటి సందేహం.

ఎందుకంటే ఒకప్పుడు అది చిన్న ఊరు కాదు. ఏడో శతాబ్దంలోనే దానికి పేరుంది. 654 ప్రాంతంలో తూర్పు ఆంగ్లియా రాజు అన్నా (పేరు చూసి రాణి అనుకోకండి, రాజే!) పొరుగు రాజు పెండాతో యుద్ధంలో చనిపోతే, ఆయన భౌతికకాయాన్ని బ్లైబరాకే తెచ్చారని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఎనిమిదో శతాబ్దానికి చెందిన తిమింగలం ఎముక పలక ఒకటి ఈ ఊళ్లో దొరికింది. మైనం పూసి దాని మీద రాసుకునేవారట. అంటే అప్పటికే అక్కడ చదువుకున్నవాళ్లు ఉన్నారన్నమాట. ఆ పలక ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

ఆ తర్వాత నది పుణ్యమా అని బ్లైబరా రేవు పట్టణమైంది. పడవలు ఊరిదాకా వచ్చేవి. చేపలు, ఉన్ని, సంత... చేతిలో డబ్బు ఆడింది. 12వ శతాబ్దంలో అగస్టీనియన్ సన్యాసులు ఒక చిన్న మఠం పెట్టుకున్నారు. ఊరి చర్చి కూడా వాళ్ల అధీనంలోనే ఉండేది.

15వ శతాబ్దం వచ్చేసరికి సఫోక్ సీమంతా ఉన్ని బట్టల వ్యాపారంతో కళకళలాడుతోంది. ఏ ఊరికి ఆ ఊరు పక్క ఊరి కంటే గొప్ప చర్చి కట్టాలని పోటీ. బ్లైబరా ఎందుకు ఊరుకుంటుంది? 1412లో రాజు నాలుగో హెన్రీ నుంచి మఠానికి అనుమతి వచ్చింది. అంతకు ముందు శతాబ్దంలో కట్టిన గోపురాన్ని మాత్రం అలాగే ఉంచి, మిగతాదంతా కొత్తగా లేపారు.

ఎవరి వాటా ఎంత?

అప్పటి ఇంగ్లండ్ చర్చిల్లో ఒక ఏర్పాటు ఉండేది. అది తెలిస్తే తర్వాత జరిగిన సగం కష్టాలు అర్థమవుతాయి. తూర్పు వైపు పూజావేదిక ఉండే భాగం బాగోగులు చర్చి ఆదాయం తీసుకునేవాళ్లవి, అంటే ఇక్కడ మఠానివి. జనం కూర్చునే పెద్ద హాలు బాగోగులు ఊరివాళ్లవి. అందుకే ఆ హాలు కోసం ఊళ్లో కలిగినవాళ్లు వీలునామాల్లో కొంత సొమ్ము రాసిపెట్టేవారు. వాళ్లకి దక్కేది ఏమిటి? తాము పోయాక తమ ఆత్మ కోసం ఊరంతా ప్రార్థించడం. కిటికీ అద్దం మీదో, నేల మీది ఇత్తడి పలక మీదో 'ఫలానా వారి ఆత్మ కోసం ప్రార్థించండి' అని లాటిన్‌లో రాయించుకునేవారు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత దీని అవసరం ఉంది.

ఇచ్చినవాళ్లలో అందరికంటే పెద్ద చెయ్యి జాన్ హాప్టన్‌ది. 1430లో ఆయనకి బ్లైబరా జమీందారీ వారసత్వంగా వచ్చింది. దాదాపు అర్ధశతాబ్దం పాటు దాన్ని ఏలుకున్నాడు. 1478లో పోయాడు. ఆయన సమాధి చర్చి లోపలే ఉంది. దాని మీద ఉండాల్సిన ఇత్తడి పలకలే లేవు.

అలా పెద్దలూ చిన్నలూ కలిసి కట్టించిన చర్చి బయటి నుంచి చూస్తే గోడలే తక్కువ, కిటికీలే ఎక్కువ అన్నట్టు ఉంటుంది. ఆ కాలపు ఇంగ్లిషు పద్ధతి అది. నిలువు గీతలు, పొడవాటి కిటికీలు, సన్నటి రాతి చట్రాలు. పక్క నడవల పైన, హాలుకి అటు 18, ఇటు 18 కిటికీలు వరసగా ఉంటాయి. సఫోక్‌లో మంచి రాయి దొరకదు. నేలలో దొరికేది చెకుముకి రాయి. దాన్ని పగలగొడితే లోపల నల్లగా నిగనిగలాడుతుంది. ఆ నల్ల పెచ్చుల్ని, దూరం నుంచి తెప్పించిన తెల్లరాతి చట్రాల్లో పొదిగి గోడల మీద అలంకారాలు చేశారు. తూర్పు గోడ మీద అదే పనితనంతో విడివిడిగా కొన్ని అక్షరాలు పొదిగారు. అవి లాటిన్ మాటల మొదటి అక్షరాలనీ, త్రిత్వం పేరిటా మరియ పేరిటా చర్చిని తిరిగి కట్టామని అర్థమనీ పండితులు చెబుతారు. ఒక్కో అక్షరానికి ఒక్కో మాట చొప్పున ఊహించాల్సిందే కాబట్టి ఎవరి పాఠం వాళ్లది!

లోపలికి వెళితే మాత్రం ఊపిరి ఆగుతుంది. చాలా చర్చిల్లో జనం కూర్చునే హాలుకీ, పూజావేదికకీ మధ్య పెద్ద కమాను అడ్డుగా ఉంటుంది. ఇక్కడ అది లేదు. ఈ చివర నుంచి ఆ చివరి వరకు ఒకటే కప్పు. దాదాపు చదునుగా ఉండే ఆ కప్పు మీద తెల్లటి నేపథ్యంలో ఎరుపు, ఆకుపచ్చ పూలు, మధ్య మధ్యలో యేసు నామాక్షరాలు. ఆ కప్పుని మోసే దూలాల నడుమ మన దేవదూతలు. చేతుల్లో డాళ్లు, వాటి మీద దాతల కుటుంబ చిహ్నాలు. దానమిచ్చినవాళ్ల పేరు దేవదూత చేతిలో పెట్టడం... ఆ రోజుల్లోనూ శిలాఫలకాల మోజు తక్కువేమీ కాదు!

ఇలా దేవదూతలున్న చెక్క కప్పులు ఇంగ్లండ్ మొత్తం మీద 170 దాకా మిగిలాయి. వాటిలో మూడింట రెండొంతులు తూర్పు ఆంగ్లియాలోనివే. ఒకప్పుడు ఇంగ్లిషు చర్చిల్లో ఉన్న బొమ్మల్లో చాలా భాగం నాశనమైపోయాయి కాబట్టి, మధ్యయుగపు ఇంగ్లిషు వడ్రంగి చేతిపని చూడాలంటే ఇప్పుడు తల పైకెత్తాల్సిందే.

బద్ధకం మంచం దిగదు

దేవదూతల్ని చూసి మెడ నొప్పెడితే బెంచీల వైపు చూడొచ్చు. ఆ మాటకొస్తే, పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు ముందు చూపించాల్సింది వీటినే. బెంచీల చివర చెక్కిన చిన్న చిన్న మనుషుల బొమ్మలు నీతిశాస్త్రాన్ని బొమ్మల కొలువులా చూపిస్తాయి. పాపాలకు ఒక్కో రూపం ఇచ్చారు. బద్ధకం మంచం మీద నుంచి లేవదు. తిండిపోతు తన బొజ్జని చేతులతో పట్టుకుని ఉంటాడు. పిసినారి డబ్బు పెట్టె మీదే కూర్చున్నాడు. చాడీలు చెప్పేవాడి నాలుక బయటికి వేలాడుతోంది. ఇక కపటి... చేతులు జోడించి ప్రార్థన చేస్తూనే ఉంటాడు, కళ్లు మాత్రం తెరిచే ఉంటాయి! తాగుబోతుని బొండకొయ్యలో బిగించి కూర్చోబెట్టారు. మరో వరసలో రుతువుల పనులు కనిపిస్తాయి. పంట కోత లాంటివి. చదువు రాని రైతుకి ప్రసంగం బుర్రకెక్కకపోయినా, చెయ్యి ఆనించిన చోట బొమ్మ ఉంటుంది.

చిత్రమేమిటంటే, ఇన్ని పాపాలూ బెంచీల మీద క్షేమంగా ఉన్నాయి. పుణ్యాత్ముల బొమ్మలే పోయాయి. ఎలా పోయాయన్నది తర్వాతి కథ.

నల్ల కుక్క వచ్చిన ఆదివారం

1534లో ఎనిమిదో హెన్రీ రోము పోపుతో తెగతెంపులు చేసుకుని ఇంగ్లండ్ చర్చికి తానే అధిపతినన్నాడు. తర్వాత మఠాల ఆస్తుల మీద పడ్డాడు. 1537లో బ్లైబరా మఠం మూతపడింది. పూజావేదిక భాగాన్ని చూసుకోవాల్సిన వాటాదారు మాయమైపోయాడు. అదే సమయంలో నది కూడా మోసం చేసింది. ఇసుక మేట వేసింది. ఓడలేమో రాన్రానూ పెద్దవయ్యాయి. రేవుకి రావడం మానేశాయి. వ్యాపారం పోయింది, డబ్బున్నవాళ్లు పోయారు. చర్చి మాత్రం ఎక్కడికి పోతుంది?

అప్పుడు వచ్చింది ఆ ఆదివారం. 1577 ఆగస్టు 4. జనం ప్రార్థనలో ఉండగా భయంకరమైన ఉరుములు, మెరుపులు. పిడుగు పడింది. గోపురం మీద ఉన్న కోసు శిఖరం కప్పుని చీల్చుకుంటూ లోపలికి కూలింది. ప్రాణాలు పోయాయి. ఒక పెద్దాయన, ఒక కుర్రాడు అని ఒక కథనం, ఇద్దరు మగవాళ్లూ ఒక కుర్రాడూ అని మరో కథనం. ఆ శిఖరాన్ని మళ్లీ కట్టలేదు. ఇప్పటికీ గోపురం పైన బోసిగానే ఉంటుంది.

అంతటితో అయితే అది వాతావరణ వార్త. కానీ లండన్‌లో ఏబ్రహాం ఫ్లెమింగ్ అనే రచయిత దీని మీద ఒక చిన్న పుస్తకం అచ్చేశాడు. అదే ఉదయం సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలోని బంగే అనే ఊరి చర్చిలోకి ఒక నల్ల కుక్క దూరిందనీ, అది కుక్క రూపంలో ఉన్న సైతానేననీ, ప్రార్థిస్తున్న ఇద్దరి మధ్య నుంచి పరిగెడితే వాళ్లిద్దరూ అక్కడికక్కడే ప్రాణాలు వదిలారనీ, ఆ తర్వాత అది బ్లైబరాకి వచ్చిందనీ రాశాడు. భయం అమ్ముడుపోయినంతగా మరేదీ అమ్ముడుపోదని పుస్తకాలు అమ్ముకునేవాళ్లకి ఆనాడే తెలుసు. తూర్పు ఆంగ్లియాలో 'బ్లాక్ షక్' అనే నల్ల కుక్క దెయ్యం కథ ఇప్పటికీ పిల్లల్ని భయపెడుతోంది.

చర్చి ఉత్తర ద్వారం తలుపు మీద కొన్ని కాలిన మచ్చలున్నాయి. 1933లో తలుపుని శుభ్రం చేస్తే బయటపడ్డాయి. ఇంకేముంది, కుక్క పంజా గుర్తులన్నారు! సందర్శకులు ముందు వెతికేది వాటినే. పాత కట్టడాలను పరిశీలించే నిపుణులు మాత్రం వేరే మాట చెబుతారు. ఇంగ్లండ్‌లో ఎన్నో పాత ఇళ్ల ద్వారాల మీదా పొయ్యిగోడల మీదా ఇలాంటి మచ్చలున్నాయి. సన్నటి కొవ్వొత్తిని చెక్కకి దగ్గరగా, ఏటవాలుగా, కాసేపు కదలకుండా పట్టుకుంటే కన్నీటి బొట్టు ఆకారంలో మచ్చ పడుతుంది. పొరపాటున పడేది కాదు. అగ్ని నుంచీ పిడుగు నుంచీ ఇంటిని కాపాడుకోవడానికి కావాలని వేసుకునే దిష్టి గుర్తు లాంటిది. అదే నిజమైతే, సైతాను వదిలిన గుర్తులుగా చూపిస్తున్నవి అసలు సైతానుని రానివ్వకుండా ఎవరో భక్తులు పెట్టుకున్న గుర్తులన్నమాట!

జాబితా రాసుకున్న మనిషి

పిడుగు ఒక్క ఉదయంలో చేసిన నష్టం కంటే పెద్దది ఇంకొకటి రాసిపెట్టి ఉంది. 1640లలో ఇంగ్లండ్ రాజుకీ పార్లమెంటుకీ మధ్య అంతర్యుద్ధం. పార్లమెంటు పక్షాన ప్యూరిటన్ల పట్టు ఎక్కువ. చర్చిలో బొమ్మలుండటం విగ్రహారాధనే అన్నది వాళ్ల గట్టి నమ్మకం. 1643 డిసెంబరులో తూర్పు ప్రాంతాల సేనాధిపతి మాంచెస్టర్ ప్రభువు ఆ బొమ్మలన్నిటినీ తొలగించే పనిని విలియం డౌసింగ్‌కి అప్పగించాడు. డౌసింగ్ ఎక్కడివాడో కాదు, సఫోక్‌లోనే లాక్స్‌ఫీల్డ్ అనే ఊరి రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. ఏడాది లోపే కేంబ్రిడ్జ్‌షైర్, సఫోక్‌లలో 250కి పైగా చర్చిలు తిరిగాడు. వెళ్లిన చోటల్లా పగలగొట్టినందుకు ఫీజు కూడా వసూలు చేశాడు. చర్చికి 6 షిల్లింగుల 8 పెన్నీలు!

ఈయనలోని విచిత్రం ఏమిటంటే, ప్రతి చర్చిలో ఎన్ని బొమ్మలు పగలగొట్టిందీ, ఎన్ని పగలగొట్టమని ఆజ్ఞాపించిందీ డైరీలో లెక్క రాసుకున్నాడు. నాశనం చేసినవాడే చరిత్రకారుల పాలిటి మేలు చేసినవాడయ్యాడు. అది లేకపోతే ఆ చర్చిల్లో ఏమేం ఉండేవో చాలా వరకు తెలిసేదే కాదు.

1644 ఏప్రిల్‌లో ఆయన బ్లైబరా వచ్చాడు. డైరీ ప్రకారం ఇరవై 'మూఢ' చిత్రాలు కనిపించాయి. ఆత్మ కోసం ప్రార్థించండి అన్న రాతలు మూడింటిని పగలగొట్టాడు. (ఊరి పెద్దలు వీలునామాలు రాసి సంపాదించుకున్నది అదే కదా!) ఎనిమిది రోజుల్లోగా మరో రెండొందలకు పైగా చిత్రాలు తీసేయమన్నాడు. కప్పు మీది ఇరవై మంది దేవదూతలను కూడా దించేయాలని రాసుకున్నాడు.

కిటికీల రంగు అద్దాలు పోయాయి. జ్ఞానస్నానపు తొట్టి మీది శిల్పాలను చెక్కేశారు. కానీ దేవదూతలు దిగలేదు. కప్పు మరీ ఎత్తు. పరంజా కట్టాలి, కూలి ఇవ్వాలి, కప్పు దెబ్బతింటే వాన కురిసేది ఊరివాళ్ల నెత్తినే. అధికారి జాబితా రాసి వెళ్లిపోతాడు. పని చేయాల్సింది ఊరు. ఆ పనిని ఊరు చేయలేదు. ఖర్చుకి వెనకాడారా, మనసొప్పక వదిలేశారా అన్నది ఏ డైరీలోనూ లేదు. మనసొప్పలేదనుకోవడమే బాగుంటుంది.

సరే, మరి తుపాకీ గుళ్లు? దేవదూతల్ని దించలేక డౌసింగ్ మనుషులు కింద నిలబడి కాల్చారని తరాల పాటు చెప్పుకున్నారు. హాలు స్తంభాలకున్న ఇనప కొండీలు చూపించి, సైనికులు గుర్రాలను చర్చిలోనే కట్టేశారని మరో కథ. నమ్మబుద్ధేసే కథే. విగ్రహాలంటే పడనివాడు, పక్కన సైనికులు... ఇంకెవరు కాలుస్తారు?

1970లలో కప్పుకి మరమ్మతులు చేస్తున్నప్పుడు చెక్కలో దిగిన సీసపు గుళ్లను బయటికి తీసి పరీక్షించారు. అవి డౌసింగ్ కాలం నాటివి కావు. 18వ శతాబ్దంలో పక్షుల వేటకి వాడే రకం. మరోపక్క చర్చి పాత లెక్కల పుస్తకంలో 1761 నాటి పద్దు ఒకటి ఉంది. చర్చిలో చేరిన జాక్‌డాలను, అంటే మన కాకికి దగ్గరి చుట్టాల్లాంటి పక్షులను, కాల్చడానికి మందుగుండుకైన ఖర్చు!

దొంగ దొరికాడు. చర్చి పెద్దలే! విరిగిన కిటికీల్లోంచి పక్షులు లోపలికొచ్చి దూలాల మీద గూళ్లు పెడుతుంటే, వాటిని తోలడానికి లోపలే తుపాకీ పేల్చారు. గురి తప్పినవి దేవదూతలకు తగిలాయి. డౌసింగ్ చేసినవాటికి శిక్ష పడాల్సిందే కానీ, ఈ ఒక్క కేసులో ఆయన నిర్దోషి. బతికుండగానే నింద తొలగించుకునే అవకాశం కూడా ఆయనకి లేదు. ఎందుకంటే ఆయన పోయింది 1668లో. గుళ్లు పేలడానికి దాదాపు వందేళ్ల ముందు.

గొడుగులు వేసుకుని ప్రార్థన

డౌసింగ్ వెళ్లాక ఊరు ఇంకా చిన్నదైంది. చర్చిలో అక్కడక్కడా బతుకు చిహ్నాలు మాత్రం కనిపిస్తాయి. ఒక బల్ల మీద 1665 అన్న సంవత్సరంతో డిర్క్ లోవర్సెన్ అనే పేరు చెక్కి ఉంది. చిత్తడి నేలల్లో నీళ్లు తోడే పనికి వచ్చిన డచ్చి ఇంజినీరు కొడుకనీ, చర్చిలో ఒక మూల నడిచిన బడిలో చదువుకునేవాడనీ చెబుతారు. పాఠం నచ్చని పిల్లాడు బల్ల మీద పేరు చెక్కడం ఏ దేశంలోనైనా ఒకటే!

1682 నాటి ఒక చెక్క బొమ్మ కూడా ఉంది. గడ్డంతో, చేతిలో గొడ్డలితో నిలబడి ఉంటాడు. తాడు లాగితే తల తిప్పి గంట కొడతాడు. ఒకప్పుడు గడియారంతో పాటు గంటలు కొట్టేవాడు. ఇలాంటి వాడే ఇంకొకడు పక్కనున్న సౌత్‌వోల్డ్ ఊరి చర్చిలోనూ ఉన్నాడు.

19వ శతాబ్దం వచ్చేసరికి కప్పు కారడం మొదలైంది. వానొస్తే జనం గొడుగులు వేసుకుని ప్రార్థన చేసేవారని చెబుతారు. 1881లో ప్రమాదకరమైన కట్టడమని చెప్పి చర్చిని మూసేశారు. అప్పుడు మొదలైంది అసలు తగువు. ఎలా బాగు చేయాలి?

అప్పట్లో పాత చర్చిల 'పునరుద్ధరణ' పేరుతో గోడలు గీకేసి, పాత చెక్క తీసేసి కొత్తది బిగించి, నేలంతా నున్నటి పలకలు పరిచి తళతళలాడించడం ఫ్యాషన్. పని పూర్తయ్యాక చర్చి కొత్తగా ఉండేది, అందులో పాతది ఏదీ ఉండేది కాదు. దీన్ని భరించలేక కవి, కళాకారుడు విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘాన్ని పెట్టాడు. ఆ సంఘం బ్లైబరా విషయంలోనూ తల దూర్చింది. కారేచోట బాగు చేయండి, మిగతాది ముట్టుకోకండి అన్నది దాని వాదన. వాన నీళ్లలో కూర్చునేది మేము, ఉపదేశాలు లండన్ నుంచి మీరు అన్నది స్థానికుల మంట. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. 1884లో చర్చి తిరిగి తెరుచుకున్నా, పనులూ పేచీలూ 1906 దాకా సాగాయి.

ఆ తగువూ, డబ్బు లేమీ రెండూ కలిసి చర్చికి మేలు చేశాయి. డబ్బుంటే కప్పుకి కొత్త రంగులు వేసేవారు. లేదు కాబట్టి పాత రంగులే మిగిలాయి. డబ్బుంటే కిటికీల నిండా విక్టోరియా కాలపు ముదురు రంగు అద్దాలు బిగించేవారు. లేదు కాబట్టి తెల్ల అద్దాలే ఉన్నాయి. సముద్రం మీది వెలుతురు నేరుగా లోపలికొచ్చి పాత ఇటుకల నేల మీద పరుచుకుంటుంది. డౌసింగ్ రంగు అద్దాలు పగలగొట్టించింది దేవుడి ఇంట్లో ఆడంబరం ఉండకూడదని. ఆ పనివల్ల ఈ చర్చికి వచ్చిన అందాన్ని చూస్తే ఆయనేమనేవాడో!

రెండో ప్రపంచ యుద్ధంలోనూ బ్లైబరాకి ఒక విషాదంతో సంబంధం ఉంది. 1944 ఆగస్టు 12న, దాదాపు పది టన్నుల పేలుడు పదార్థాలు నింపిన అమెరికన్ విమానం ఊరికి దగ్గర్లో గాల్లోనే పేలిపోయింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. వాళ్లలో ఒకరు జోసెఫ్ కెన్నెడీ జూనియర్. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెన్నెడీకి సొంత అన్న.

1969 జూన్‌లో మాత్రం ఊరికి పండగొచ్చింది, అదీ పక్కవాళ్ల కష్టం వల్ల. స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ నడిపే ఆల్డెబరా సంగీతోత్సవం మొదలైన రాత్రే, అక్కడి స్నేప్ మాల్టింగ్స్ హాలు మంటల్లో కాలిపోయింది. ఉత్సవం ఆగకూడదనుకున్నారు. మొజార్ట్ ఒపేరా 'ఇడొమెనియో'ని హడావుడిగా తెచ్చి బ్లైబరా చర్చిలో ప్రదర్శించారు. ఆ చెక్క కప్పు కింద పాట బ్రహ్మాండంగా పలుకుతుంది. ఉత్సవ కచేరీలకు అది ఇష్టమైన వేదికైంది.

సీసం పైకప్పు, ఇరవై శాతం పన్ను

చర్చి ఆఫ్ ఇంగ్లండ్ కింద సుమారు 16 వేల చర్చిలున్నాయి. వాటిలో 12 వేలకు పైగా చట్టం రక్షించే చారిత్రక కట్టడాలు. అంటే మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. ఆ మేకుకి డబ్బు మాత్రం ఊరివాళ్లే వెతుక్కోవాలి. చాలామంది అనుకున్నట్టు ప్రభుత్వం నుంచి నెలనెలా వచ్చే జీతబత్తెం ఏదీ లేదు. బ్లైబరా లాంటి చోట ఆ భారం మూడొందల మంది ఊరి మీద, వాళ్లలో ఆదివారం వచ్చే కొద్దిమంది మీద. సీసపు కప్పు, చెకుముకి గోడలు, ముప్ఫై ఆరు పై కిటికీలు... దేన్ని ముట్టుకున్నా పనివాళ్లు దూరం నుంచి రావాలి.

పైగా మరమ్మతు బిల్లు మీద 20 శాతం పన్ను. ఆ పన్ను సొమ్ముని వెనక్కిచ్చే పథకం ఒకటి 2001లో బ్రిటన్ ప్రభుత్వం పెట్టింది. ఎన్నో పల్లెటూరి చర్చిలు దాన్ని నమ్ముకునే కప్పులు వేయించుకున్నాయి. 2025లో దానికి కత్తెర పడింది. ఒక్కో కట్టడానికి ఏడాదికి 25 వేల పౌండ్లకు మించి ఇవ్వమని చెప్పేశారు. 2026లో ఆ పథకం ముగిసేదాకా చిన్న పనులకు అది చాలేది. ఇంత పెద్ద కప్పు మొత్తాన్ని ఎత్తి దించాల్సి వస్తే ఆ పరిమితి ఓ మూలకే సరిపోయేది.

అందుకే తలుపు దగ్గర హుండీ ఉంటుంది. కచేరీ టిక్కెట్లు ఉంటాయి. నల్ల కుక్క గుర్తులు చూడ్డానికి వచ్చినవాళ్లు వేసే చిల్లర కూడా కప్పుకే పనికొస్తుంది కాబట్టి, అవి కొవ్వొత్తి మచ్చలని మరీ గట్టిగా వాదించేవాళ్లు ఎవరూ ఉండరేమో! ఆదివారం ఉదయం ప్రార్థనకి వేళైందనగానే ఎవరో ఒకరు తాడు లాగుతారు. 1682 నాటి గడ్డం మనిషి తల తిప్పి, గొడ్డలి ఎత్తి, గంట మీద ఒక్కటి వేస్తాడు. పాదిరి లోపలికొస్తారు. జనం లేచి నిలబడతారు. బద్ధకం మాత్రం మంచం దిగదు.